పిలవాల్సినవాళ్లు

కార్డు మీది అంకె రెండో ఎనిమిదో తేలక ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఎనిమిదే. కుడి చూపుడువేలితో ఆరు, ఎడమ చూపుడువేలితో ఎనిమిది కొట్టాడు. పదివేళ్లున్నా కీబోర్డు మీద ఆయన మాట వినేవి ఆ రెండే.

ఆ పల్లె ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లుగా రికార్డుల గుమాస్తా. సన్నటి మనిషి, ముందుకు వంగిన మెడ, అట్టల దుమ్ముకి ఎప్పుడూ ఎర్రగా ఉండే ముక్కు. ఊరందరికీ ‘ఫైళ్ల బాబాయి’. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఇక బాబాయి ఇంటికే అనుకున్నారు. ఆయన మాత్రం తన కూతురి వయసున్న నర్సు చేత రెండు నెలలు చీవాట్లు తిని పని నేర్చుకున్నాడు. పాత కార్డులన్నీ ఎక్కించే పని తనే నెత్తికెత్తుకున్నాడు.

రోజూ ఉదయం తెర మీద ఒక జాబితా వస్తుంది. పరీక్షలకు గడువు దాటినా రానివాళ్ల పేర్లవి. పేర్లివ్వడం వరకే కంప్యూటరు పని, మనుషుల్ని రప్పించడం బాబాయి పని. ఆ ఉదయం బిడ్డ టీకా మరిచిన తల్లికి గుర్తు చేశాడు. బీపీ చూపించుకోని తాపీమేస్త్రీ రేపొస్తానంటే, నీ రేపుకి తలా తోకా లేదని సాయంత్రానికి ఒప్పించాడు.

మూడో పేరు బట్టలు కుట్టే ఆవిడది. ఆమె తల్లి నలభై తొమ్మిదేళ్లకే రొమ్ము కేన్సరుతో పోయింది. ఆ సంగతి రాసిన కార్డు ఒక బీరువాలో, కూతురి కార్డు ఇంకో బీరువాలో ఇరవై ఏళ్లు పడున్నాయి. నిన్న సాయంత్రం బాబాయి రెండింటినీ కలిపి ఎక్కించాడు. తెల్లారేసరికి కూతురి పేరు జాబితాలోకి వచ్చింది.

మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మధ్యాహ్నం అన్నం తినకుండానే ఎండలో ఆమె కొట్టుకి నడిచాడు. ఆమె మిషను ఆపకుండానే విన్నది.

“నొప్పి లేదు, గిప్పి లేదు బాబాయ్. లేని రోగాన్ని వెతుక్కోడానికి రావాలా?”

బాబాయి, ఆరేళ్ల కిందట పోయిన తన భార్య గురించి ఎవరితోనూ అననిది అన్నాడు.

“మీ పిన్ని పరీక్ష కాగితం రెండేళ్లు బీరువాలో ఉండిపోయిందమ్మా. డాక్టరు చూడకముందే అందులో పెట్టింది నేనే.”

మిషను ఆగింది. ఆమె దారం తెంపి, చెప్పులేసుకుంది.

డాక్టరమ్మ చేతికి బఠాణీగింజంత గడ్డ తగిలింది. ఇంత చిన్నగా ఉన్నప్పుడే దొరికింది, ధైర్యంగా ఉండమని చెప్పి పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. కుట్టుపనావిడ బయటికొస్తే బాబాయి మంచినీళ్లిచ్చి, బస్సు వేళలు చెప్పాడు. సాయంత్రం మేస్త్రీ బీపీ ఎక్కించి, కంప్యూటరు కట్టేసి ఇంటికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న నిద్రలోనే పోయారంది.

డాక్టరమ్మ ఆయన రికార్డు తెరిచింది. బీపీ, షుగరు, గుండె పరీక్ష, అన్నీ వేళకి చేయించుకున్నాడు. ఎక్కడా ఏ తేడా లేదు. తప్పేదైనా దొరుకుతుందేమోనని మొదటినుంచి మళ్లీ చదివింది. దొరకలేదు.

మూడు వారాలకి కుట్టుపనావిడ ఆపరేషనయి వచ్చింది. రోగం పాకలేదని రాసిన కాగితం బాబాయి చేతికే ఇవ్వాలని తిన్నగా రికార్డుల గదికి వెళ్లింది. నర్సు బల్ల దగ్గర నిలబడే ఆనాటి జాబితాలో మొదటి పేరుకి ఫోన్ కలుపుతోంది. బాబాయి ఇక లేడన్న సంగతి నర్సు కళ్లలోనే తెలిసింది. కుట్టుపనావిడ కాగితాన్ని బల్ల మీద పెట్టి, అరచేత్తో మడతలు సాపు చేసింది.

ఖాళీ కుర్చీ వీపుకి బాబాయి బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది, కుడి మోచేతి దగ్గర రెండు పోగులు ఊడి.