నిప్పు చూడని పాలు

"గిన్నె ఖాళీ చేసి ఇవ్వమ్మా, కడిగేసుకుంటాను" అంటూ అత్తగారు పక్కనే నిలబడింది.

గిన్నె కడగడానికి అంత తొందరేమీ లేదు. సింకులో ముందురోజు గిన్నెలు అలాగే పడి ఉన్నాయి, వాటిని డ్యూటీకి వెళ్ళేలోపు తోమేది కోడలే. అత్తగారికి కావలసింది గిన్నె కాదు, అందులోని పెరుగు కోడలి గొంతు దిగడం కళ్ళారా చూడటం. మొదటి రోజు ఈ కాపలా లేదు. ఏడో నెల మొదలయ్యాక పెట్టిన మొట్టమొదటి గిన్నెను కోడలు గుట్టుగా సింకులో పోసి నీళ్ళు వదిలింది. నీళ్ళు పోయాయి గానీ జాలీ మీద తెల్లటి గడ్డ ఒకటి మిగిలిపోయింది. దొంగపనులు చేతకాని మనుషులు చేస్తే ఇలాగే ఉంటుంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అరవలేదు. అత్తగారు భోజనం మానేసింది, అంతే. భర్త గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "అమ్మ అన్నం ముట్టలేదు. ఒక్క గిన్నె పెరుగు తింటే నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి కాపలా మొదలైంది. ఇది పదకొండో గిన్నె.

పెరుగంటే పడని మనిషేమో అనుకునేరు. పెరుగు లేనిదే ఆమెకు ముద్ద దిగదు. కడుపుతో ఉన్నవాళ్ళకు పెరుగు మంచిదని కూడా తెలుసు. గొడవల్లా పాలతోనే. ఆ ఇంట్లో మిగతా అందరికీ కాచిన పాలు, కాచిన పాల పెరుగు. కడుపుతో ఉన్న కోడలికి మాత్రం పచ్చిపాలు తోడుపెట్టాలి. ఊరి చివర పాకలో పాలతాత పితికిన పాలను మామగారు పొద్దున్నే నడిచివెళ్ళి మరీ తెస్తాడు. అత్తగారు వాటిని పొయ్యి దరిదాపులకు కూడా రానివ్వదు. "నిప్పు చూసిన పాలలో జీవం ఉండదు, నీళ్ళకీ వాటికీ తేడా లేదు" అనేది ఆవిడ అత్తగారి నోటి మాట. ఆ పెద్దావిడ పోయి పన్నెండేళ్ళయింది, మాట మాత్రం వంటింట్లో తిరుగుతూనే ఉంది.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, కోడలు పనిచేసేది పాల డెయిరీలో. పాలు మంచివో కావో తేల్చే పరీక్షల గది ఆమెదే. తెల్లారేసరికి గేటు ముందు టాంకర్లు బారులు తీరతాయి. ప్రతి టాంకరు నుంచి గొట్టంలోకి కొన్ని పాలు తీసుకుని, నీలం మందు కలిపి, గోరువెచ్చని నీళ్ళలో నిలబెడుతుంది. పాలు శుభ్రమైనవైతే నీలం గంటల తరబడి నిలుస్తుంది. క్రిములు ఎక్కువుంటే రంగు విరిగిపోయి పాలు మళ్ళీ తెల్లబడతాయి. ఎంత తొందరగా తెల్లబడితే అంత చెడ్డ పాలన్నమాట. డ్రైవర్లు ఆమెకు నీలం మేడం అని పేరు పెట్టారు. నీలం మేడం కాగితం మీద సంతకం పెట్టి వద్దందంటే వేల లీటర్ల టాంకరు నోరు మూసుకుని వెనక్కి తిరగాల్సిందే. ఇంటికొస్తే చారెడు గిన్నెను వెనక్కి తిప్పే దిక్కులేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ పల్లకీ కూడా ఎన్నాళ్ళో లేదు. మొన్ననే మేనేజరు పిలిచి, "వచ్చే నెల నుంచి పరీక్షలు మీరు చేయండమ్మా, సంతకం మాత్రం మీ జూనియర్ పెడతాడు. ఈ టైములో మీకెందుకు ఈ బాధ్యతలు" అన్నాడు, ఏదో మేలు చేస్తున్నవాడిలా.

చెప్పలేదా అంటే, చెప్పింది. అత్తగారికి చెబితే "నేను కన్నానా లేదా?" అంది. మామగారికి చెబితే పేపరు దించకుండానే, "చదువుకున్న కోడలు కావాలన్నాం గానీ పాఠాలు చెప్పే కోడలు కావాలనలేదు" అన్నాడు. అమ్మకు ఫోను చేస్తే, "వాళ్ళేమైనా విషం పెడుతున్నారా తల్లీ, పెరుగేగా, కళ్ళు మూసుకుని మింగెయ్" అంది. చివరికి, ఎవరి మాట విన్నా వినకపోయినా డాక్టరు మాట వింటారు కదా అని, పోయిన వారం భర్తను వెంటబెట్టుకుని వెళ్ళి అతని ఎదుటే అడిగింది. డాక్టరమ్మ మందుల చీటీ రాస్తూ, "పెరుగు శుభ్రంగా తినొచ్చు. కాచిన పాలతో తోడుపెట్టిందే తినాలి, పచ్చిపాలది వద్దు" అంది. ఆ రెండో మాట దగ్గరికొచ్చేసరికి అతని ఫోను మోగింది, లేచి బయటికి వెళ్ళాడు. ఇంటికొచ్చి తల్లితో, "డాక్టరు కూడా పెరుగు శుభ్రంగా తినమంది" అని చెప్పాడు. పచ్చిపాలది వద్దందని ఆమె ఎంత మొత్తుకున్నా, "నేనూ అక్కడే ఉన్నానుగా" అన్నాడు. ఉన్నాడు, నిజమే. అబద్ధాలాడే మనిషి కూడా కాదు. సగం విని పూర్తిగా నమ్మే మనిషితో వాదించడం ఎలాగో ఆమెకు ఏ చదువులోనూ నేర్పలేదు.

ఇప్పటిదాకా భయం బుర్రలోనే ఉండేది. మొన్న సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. పెద్ద జ్వరమేమీ కాదు, నడుము లాగుతోంది, కళ్ళు మండుతున్నాయి. భర్తకు చెబితే "రోజంతా నిలబడి వచ్చావు, అలసట" అన్నాడు. నిన్నటికి తగ్గిపోయింది. తగ్గిందని సంతోషించాల్సింది పోయి ఆమెకు ఇంకా భయం పట్టుకుంది. బల్ల దగ్గర కూర్చున్నా, బస్సులో నిలబడ్డా చెయ్యి పొట్ట మీదే. ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టుకోవడం, మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పడం, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం. ఇవాళ కూడా చెంచా నోట్లో పెట్టుకుంటే పెరుగు కమ్మగానే ఉంది. మీగడ కట్టింది. పాడైన వాసనేమైనా వస్తే నలుగురికీ చూపించి ఉండేది. మింగలేక కక్కలేక అంటారే, ఆమె మాత్రం ప్రతిసారీ మింగింది.

గిన్నె అత్తగారి చేతికిచ్చాక, ఆవిడ పెరట్లోకి వెళ్ళిన కాసేపట్లో, మామగారు తెచ్చిన పాలలోంచి కొంచెం నీళ్ళసీసాలోకి వంపుకుని బ్యాగులో పెట్టుకుంది. డెయిరీలో టాంకర్ల పని తెమిలాక, అందరి గొట్టాల పక్కనే ఇంటి పాల గొట్టాన్ని కూడా నిలబెట్టింది. నీలం చుక్క పడి పాలు రంగు తిరిగాయి. ఆమె గడియారం వైపు చూసింది. పదిహేడు నిమిషాలకు గొట్టం తెల్లగా ఉంది. గేటు దగ్గర వెనక్కి పంపే టాంకర్లు కూడా అరగంట దాకా ఓర్చుకుంటాయి. మళ్ళీ చేసింది. ఈసారి పదహారు. అచ్చు కాగితం తీసి, అన్ని గళ్ళూ నింపి, కింద సంతకం పెట్టింది.

ఆ కాగితం ఇంటికి తేవడంతో కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. భర్త చదివి, "మా అమ్మ నీకోసం పెట్టే పాలని ల్యాబులో పెట్టావా? ఇంకా నయం, పోలీస్ స్టేషన్లో పెట్టలేదు" అన్నాడు. మామగారు కళ్ళజోడు సర్దుకుని పై నుంచి కింది దాకా చూశాడు. "ఈ సంతకం ఎవరిది?" అని అడిగాడు. "నాదే మామయ్యా" అంది. "మరింకేం. నువ్వే చేసి, నువ్వే రాసి, నువ్వే సంతకం పెట్టుకొచ్చావు. ఇలాంటివి నేనూ పది రాసిస్తాను." తండ్రీకొడుకులు నవ్వుకున్నారు. అదేమీ చెడ్డ నవ్వు కాదు, ఇంట్లో చిన్నపిల్ల ముద్దుమాట అన్నప్పుడు నవ్వే నవ్వు. కోపంతో కేకలేసినా బాగుండేది, ఎదురు మాట్లాడటానికి ఒక దారైనా దొరికేది. అత్తగారు మాత్రం నవ్వలేదు. కాగితం మడిచి వంటింట్లోకి పట్టుకెళ్ళింది. చింపి పారేసి ఉంటుందనుకుని, ఆమె వెళ్ళి అందరికీ కంచాలు పెట్టింది.

మర్నాడు ఆమెకు వారపు సెలవు. భర్త ఆఫీసుకు, మామగారు స్నేహితుల దగ్గరికి వెళ్ళారు. సెలవంటే ఉతికిన బట్టలు మడతపెట్టడం, బాత్రూములు కడగడం, రేపటికి కూరగాయలు తరగడం. పొట్ట అడ్డం వస్తుంటే పక్కకు తిరిగి కూర్చుని తరుగుతోంది. ఎదురుగా బల్ల మీద పెరుగు గిన్నె లేదు. మరిచిపోయిందేమోలే, గుర్తుచేయడం ఎందుకని తల ఎత్తలేదు. అత్తగారు డబ్బాల వెనక నుంచి ఆ కాగితం తీసి ఆమె ముందు పెట్టింది.

"నాకు చదివి చెప్పు. నాకర్థమయ్యేట్టు చెప్పు."

"మన పాలలో క్రిములు చాలా ఎక్కువున్నాయని అత్తయ్యా. ఏ రకంవో ఈ పరీక్షలో తెలీదు. పాలు కాస్తే చచ్చిపోతాయి. కాచకపోతే పెరుగులోకీ వస్తాయి."

"ఎంతమంది తాగలేదు పచ్చిపాలు?"

"చాలామందికి ఏమీ కాదు. ఎవరికవుతుందో ముందు చెప్పలేం. కడుపుతో ఉన్నవాళ్ళకి తొందరగా అంటుకునే రకం ఒకటుంది."

"అంటుకుంటే?"

"తల్లికి పెద్దగా ఏమీ తెలీదు. కాస్త జ్వరం, ఒళ్ళునొప్పులు. రెండ్రోజుల్లో అదే తగ్గిపోతుంది. తల్లి లేచి తిరుగుతూనే ఉంటుంది. లోపల బిడ్డకే..." తన గురించే చెప్పుకుంటున్నానని అప్పుడు తట్టింది. 

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వంటింట్లో ఆవిడ కూర్చోవడం కోడలు ఎన్నడూ చూడలేదు. "రెండ్రోజుల జ్వరం" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మీ ఆయన కంటే ముందు నాకు ఆడపిల్ల. ఏడో నెలలో నాకు రెండ్రోజులు ఒళ్ళు వెచ్చబడి తగ్గింది, ఆ తర్వాత పిల్ల కదలడం మానేసింది. మా అత్తగారు రోజూ ఇదే పెరుగు పెట్టేది. పిల్ల పోయాక, ఇది తినకుండా పారబోసింది, కడుపులో బిడ్డకి బలం చాలక పోయింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మీ మామయ్యా అదే అన్నారు. ఇప్పటికీ అదే అంటారు. అందుకే నువ్వు సింకులో పోసిన రోజు నాకు కాళ్ళు చేతులు ఆడలేదు."

 పదకొండు రోజులుగా తనను పీడిస్తోందనుకున్న మనిషి తనను కాపాడుతున్నాననుకుంటోంది. పోనీ కాగితం చూపించి గెలుద్దామంటే, ఇందులో గెలిచేదేముంది? ఆ పెరుగు తినకపోబట్టి పిల్ల పోలేదత్తయ్యా, బలానికీ దానికీ సంబంధం లేదు, మీ తప్పేమీ లేదు అని చెబుదామనుకుంది. ఆవిడ ఆ సందు ఇవ్వలేదు.

"నీకు జ్వరం వచ్చిందా?"

"లేదత్తయ్యా" అనబోయింది. ఆ ఇంట్లో ముగ్గురి కోసమూ అలవాటైన జవాబు అది. "అటుమొన్న సాయంత్రం కాస్త వచ్చింది" అంది. "మొన్నటికి తగ్గింది."

అత్తగారు లేచి వెళ్ళి చీర మార్చుకుంది. కోడలి ఆసుపత్రి ఫైలు తీసి సంచిలో పెట్టింది, ఆ కాగితం కూడా మడిచి పెట్టింది. తరిగిన కూరగాయలు తరిగినట్టే ఉండగా ఇంటికి తాళం వేసింది. ఆటోలో ఉండగా భర్త ఫోను చేశాడు. నాన్న ఇంటికొస్తే తాళం ఉందట, ఎక్కడికెళ్ళారు, డాక్టరు దగ్గరికైతే ఇప్పుడెందుకు, సాయంత్రం తను వచ్చాక తీసుకెళ్ళేవాడు కదా అన్నాడు. అత్తగారు ఫోను అందుకుని, "సాయంత్రం దాకా ఆగే పని కాదు" అని పెట్టేసింది. ఆవిడ కొడుకు ఫోను మధ్యలో పెట్టేయడం కూడా అదే మొదటిసారి.

ఆసుపత్రిలో జనం చాలామంది ఉన్నారు. టోకెను ఇచ్చినావిడ జ్వరం సంగతి విని, ముందు పంపిస్తాను కూర్చోండమ్మా అంది. ఇద్దరూ గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. రక్తపరీక్ష చేస్తారు, మందులిస్తారు, తొందరగా పట్టుకుంటే మంచిదే అని కోడలు చెబుతోంది, తనకు తను చెప్పుకుంటోందో ఆవిడకు చెబుతోందో తెలియకుండా. పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంది. పొద్దున్నుంచి నాలుగుసార్లు కదిలింది, కాదు, అయిదేమో. తిన్న పదకొండు గిన్నెలనూ ఇప్పుడు ఏ సింకులోనూ పారబోయలేదు. ఎవరిని తిట్టుకోవాలన్నా పక్కనున్న మనిషిని తిట్టుకోవాలి, ఆవిడేమో సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

లోపలి నుంచి నర్సు పిలిచింది. కోడలు బెంచీ పట్టుకుని లేవబోతుంటే అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"డాక్టరుతో అన్నీ నువ్వే చెప్పు, నీకు తెలుసు. నాదీ ఒక మాట అడుగుతావా?"

"అడుగుతాను అత్తయ్యా. ఏంటి?"

"నేను పారబోయలేదమ్మా" అంది అత్తగారు. "ఒక్కరోజు కూడా పారబోయలేదు. గిన్నె నాకి మరీ తిన్నాను."