ఐదో పటం

గోడాదరాలోని మా తెలుగు సంఘం హాలుకు కొత్తగా రంగు వేయించిన తరువాత, వేదికకు ఎడమ వైపున్న గోడ మరీ బోసిగా కనిపించింది. సూరత్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళలో గొప్ప సంగీతకారులు అనదగిన ఐదుగురి పటాలను అక్కడ పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. వడ్రంగి బ్రహ్మచారి టేకుతో ఐదు చట్రాలు చేసి తెచ్చాడు. ఎవరిని పెట్టాలో తేలకముందే చట్రాలు సిద్ధమయ్యాయి. నేను ఊరవతలి హజీరాలో ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి, గోడాదరాలో ఏ ఇంటితోనూ చుట్టరికం లేనివాణ్ణి. ఎంపిక నిష్పక్షపాతంగా జరిపించమని నన్ను పిలిచారు. ఆ మాటను నేను నమ్మాను.

మొదటి ఆదివారమంతా ఒక పెళ్ళి బ్యాండు మేళగాణ్ణి పెట్టాలా వద్దా అన్న వాదనతోనే గడిచిపోయింది.

"బ్యాండు కొట్టినోణ్ని గోడకెక్కిస్తే, రేపు మైకు సెట్టు కిరాయికిచ్చేటోడు గూడ నాదేదని వస్తడు" అన్నాడు కార్యదర్శి లక్ష్మీరాజం. అతనికి చీరల ఫినిషింగ్ దుకాణం ఉంది.

"నీ పెండ్లికి ఎవడు కొట్టిండురా రాజం? సంగీతం కాదని ఎనకకు పంపినవా?" అన్నాడు బ్రహ్మచారి.

"నా పెండ్లి ముచ్చట ఇప్పుడెందుకే?"

"ఊకెనే. ఆ పొద్దు నువ్వే ముంగట ఎగిరినవని యాదికొచ్చింది."

మనిషిని పక్కన పెట్టి పాటను తూచడం ఒక్కటే మార్గమని నాకు తోచింది. ఇళ్ళలో ఫోన్లలో ఉన్న రికార్డులన్నీ సేకరించాం. లక్ష్మీరాజం కూతురు సింధూజ డిజైన్ చదువుతోంది. ఆ అమ్మాయి పేర్లు, పాటల నడుమ మాట్లాడిన మాటలు తీసేసి పాటలను మాత్రం వరసగా కూర్చింది. తరువాతి ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, ఎవరి పాటో తెలియకుండా విని మార్కులు వేయండి అన్నాను.

మొదటి ముక్కలో ఇంకా స్వరమే రాలేదు.

"గణపతి" అన్నాడు బ్రహ్మచారి.

"పాట మొదలు కాలేదండీ."

"పాటెందుకు సార్? ఆ దగ్గు గణపతిది. హార్మోనియం తిత్తి ఇప్పే ముంగట గట్లనే దగ్గేటోడు, పాపం."

రెండో పాటను గుర్తుపట్టడానికి వాళ్ళకు గొంతు కూడా అవసరం లేకపోయింది. వెనక మోగిన గుడి గంటను బట్టి అది ఎవరి వాకిట్లో రికార్డయిందో చెప్పి, ఆ పెళ్ళిలో పప్పు మాడిన సంగతి గుర్తు చేసుకొని నవ్వుకున్నారు. నా పరీక్ష పూర్తిగా విఫలమైంది. పరీక్షకు కూర్చున్నవాళ్ళు మాత్రం ఎంతో సంతోషించారు.

చివరి రికార్డులో మరమగ్గాల చప్పుడు వినిపించింది. దాని మీద ఒక ఆడగొంతు. ఆ గొంతు మగ్గాలను మించిపోవాలని అరవడం లేదు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమనున్న సందులో ఒక్కొక్క మాటను పెడుతూ పోతోంది. కాసేపటికి మగ్గాలే ఆమెకు తాళం వేస్తున్నట్టు అనిపించింది. ఎవరూ పేరు చెప్పలేదు.

"మా అమ్మ" అన్నాడు లక్ష్మీరాజం, నేల చూస్తూ.

స్వరాజ్యం గారు కొత్త కోడలిగా సిరిసిల్ల నుంచి వచ్చి, మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతూ బతికిన మనిషి. ఇక్కడి ఆడవాళ్ళ బతుకమ్మ ఆటకు పాట ఎత్తేది ఆమే. పెళ్ళికైనా, పురుటికైనా, శవం లేచేటప్పుడైనా ఆమె గొంతు ఉండవలసిందే. ఆమె విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఆ ఊపులో గణపతితో పాటు ఒక భజన గురువు, ఒక డోలు విద్వాంసుడు, బ్రహ్మచారి పట్టు విడవనందువల్ల ఆ బ్యాండు మేళగాడు కూడా నెగ్గారు. ఐదూ నిండాయి. నేను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

"అయితేగని సార్" అన్నాడు లక్ష్మీరాజం, "ఆ నలుగురు పోయినోళ్లు. అమ్మ బతికే ఉంది గదా."

"మంచిదే కదండీ."

"బతికున్న మనిషి ఒక్కదాని పటం గోడకెక్కియ్యరు సార్. పటమంటే బొట్టు వడ్తది, దండ వడ్తది. దండ వడ్డదంటే అయిపోయినట్టే."

నాయకుల పటాలు బతికుండగానే ప్రతి ఆఫీసులోనూ వేలాడుతున్నాయని చెప్పాను. వాళ్ళ సంగతి వేరన్నాడు. నా పటం మా ఇంటి హాల్లో ఏళ్ళ తరబడి ఉందన్నాను.

"మీకు దండేసేటోళ్లు ఎవలున్నరు సార్ ఈడ?" అన్నాడు, జాలిగా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వవలసి వచ్చింది. చివరకు ఆమెనే అడుగుదామని, సింధూజను వెంటబెట్టుకొని నవాగామ్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. స్వరాజ్యం గారు గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనె తీస్తున్నారు. చెప్పినదంతా విని, చేతిలో ఉన్న కాయ పని పూర్తి చేసి అన్నారు:

"పెట్టుండ్రి. ఎన్ని పెండ్లిళ్లల్ల పాడిన్నో నాకే ఎరుక లేదు సారూ. ఆల్బంలు తెరిచి సూడు, యాడనో నా మోచెయ్యి ఉంటది, నా కొంగుంటది. మొకం ఉండది. పోయినంక పెడ్తే నాకేం ఎరుకైతది? ఆ గోడ దిక్కు సూస్కుంట ఈ యేడు బతుకమ్మ ఆడుత."

"బాపమ్మా, బాపు నహీఁ మానేంగే" అంది సింధూజ, నాన్న ఒప్పుకోడని హిందీలో.

"నీ బాపును కన్నది నేనేనే. మొకం మంచిగ దియ్యి, ముడుతలు ఉండనియ్యి."

తల్లి మాటను లక్ష్మీరాజం కాదనలేకపోయాడు. దండ వేయకూడదు, బొట్టు పెట్టకూడదు అని ఒప్పందం చేసుకొని ఐదో పటాన్ని ఎక్కించాం. బావుంది. కండెల గంప పక్కన కూర్చుని, ఎవరినో తిట్టబోయి ఆగినట్టు నవ్వుతున్న ముఖం. ప్రారంభోత్సవం నాడే చూస్తానని ఆమె పంతం పట్టడంతో ఎవరూ ముందుగా చూపించలేదు.

వారం తిరగకముందే ఆమెకు జ్వరం వచ్చింది.

అవి వానలు వెనకపట్టిన రోజులు. సందుల్లో నీళ్ళు నిలిచి, గోడాదరాలో జ్వరం లేని ఇల్లు లేదు. పటంలో లేనివాళ్ళు కూడా వందలమంది మంచాన పడ్డారు. అయినా లక్ష్మీరాజం తెల్లవారుతూనే వచ్చి పటం దించి, చట్రంలోంచి ఫోటోను ఊడదీసి సంఘం బీరువాలో పెట్టాడు. రెండు రోజుల్లో ఆమె జ్వరం తగ్గింది.

"అది తగ్గే జ్వరమేనండీ" అన్నాను. "పటం ఉన్నా తగ్గేది."

"తీసినంకనే తగ్గింది గద సార్."

"తీయకపోయినా తగ్గేదని చెబుతున్నాను."

"తియ్యకపోతే ఎట్లుండునో మా అమ్మ మీద సూడమంటరా?"

ఏ కొడుకును మాత్రం ఆ ప్రయోగం చేయమని అడగగలం? ఒక ఘటన తరువాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని నేను జీవితమంతా చెబుతూ వచ్చాను. ఆ ఒక్క జ్వరం నా మాటలన్నిటినీ తుడిచిపెట్టి పోయింది. నమ్మకానికి రుజువు లేనప్పుడు వాదించవచ్చు. తప్పుడు రుజువు దొరికిన తరువాత వాదించేవాడు మూర్ఖుడిగా కనిపిస్తాడు.

కార్యవర్గం మధ్యేమార్గం కనిపెట్టింది. ఐదో చట్రాన్ని ఖాళీగా గోడ మీదే ఉంచుతారట.

"జాగ ఆమెదే సార్. ఏడికి పోతది?" అన్నాడు బ్రహ్మచారి.

"అంటే, ఆవిడ ఎప్పుడు పోతుందా అని కాచుకొని కూర్చునే చట్రమన్నమాట."

"గట్లెందుకంటరు సార్, గంత మాట" అని అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

ప్రారంభోత్సవం రోజున దండలు వేసే గౌరవం నాకిచ్చారు. పూలవాడికి మొదట చెప్పిన లెక్కను ఎవరూ మార్చలేదు. పళ్ళెంలో ఐదు దండలు వచ్చాయి. నలుగురికీ వేశాను. ఐదోది చేతిలో మిగిలింది. పళ్ళెంలో పెట్టేయమని లక్ష్మీరాజం కళ్ళతో సైగ చేస్తున్నాడు. ముందు వరుసలో కూర్చున్న స్వరాజ్యం గారు లేచి వచ్చి, ఖాళీ చట్రాన్ని కాసేపు చూసి నా వైపు తిరిగారు.

"ఆ దండ నాదేనా సారూ?"

"మీదేనమ్మా."

"మరి ఏస్తలేవేంది?" అని మెడ వంచారు.

నేను లక్ష్మీరాజం వైపు చూశాను.

"ఆని దిక్కు సూడకు. పటానికేస్తే పోయినట్టు, మెడలేస్తే సన్మానం. గదేగదరా మీ లెక్క?"

వేశాను. హాలంతా చప్పట్లతో మోగింది. లక్ష్మీరాజం అందరికంటె గట్టిగా కొట్టాడు. సమస్య తీరిపోయిందన్న తేలిక అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. ఆమె తన కుర్చీ వైపు తిరుగుతూ నాకు మాత్రమే వినిపించేటట్టు అన్నారు: "దండ మాపటికే వాడిపోతది. బతుకమ్మనాటికి నా మొకం ఆడుండాలె సారూ. మల్లొక్కసారి అడుగు."

అడిగాను. మరుసటి ఆదివారం మళ్ళీ అడిగాను. సన్మానం అయిపోయింది కదా సార్ అన్నారు. జ్వరం మరచిపోయారా సార్ అన్నారు. ఫోటో బీరువా తాళం ఇంట్లో ఉందన్నారు, తరువాత దుకాణంలో ఉందన్నారు. ఒకరైనా కోపంగా మాట్లాడి ఉంటే పోట్లాడేవాణ్ణి. అందరూ టీ ఇచ్చి పంపించారు.

బతుకమ్మ నాటి సాయంత్రం వాన పడింది, ఆట ఎప్పటిలాగే హాల్లో కనుక ఆగలేదు. నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు పూల గోపురాలను నడుమ పెట్టి చుట్టూ చేరుతున్నారు. స్వరాజ్యం గారు గోడ ఎదుట నిలబడి ఉన్నారు. ఐదో చట్రం ఇప్పుడు ఖాళీగా లేదు. చట్రం బోసిగా ఉంటే అశుభమని, అందులో ఎవరో అచ్చువేసిన కాగితం ఒకటి పెట్టారు. తెలుగులో, హిందీలో, గుజరాతీలో ఉంది.

"ఏం రాసిండ్రు సారూ?"

చదవబుద్ధి కాలేదు. ఆమె కదలలేదు.

"చెప్పులు బయట విడువవలెను, అని రాశారమ్మా."

ఆమె తన పాదాల వైపు ఒకసారి చూసుకున్నారు.

"నేను బయటనే ఇడిసొచ్చిన" అన్నారు.

వెళ్ళి వలయంలో నిలబడి పాట ఎత్తుకున్నారు. గొంతు ఎప్పటిలాగే ఉంది. లక్ష్మీరాజం ఫోన్‌లో రికార్డు చేస్తున్నాడు. వలయం తిరిగి ఆ గోడ ఎదుటికి వచ్చిన ప్రతిసారీ ఆమె, చప్పట్లకు వంగినట్టే వంగి, తల ఎత్తకుండా దాటిపోయారు.