మందారాల కింద హద్దురాయి

భాస్కరం మాస్టారు పెట్టింది బస్సు కోసం అర్జీ కాదు, చిట్టియ్య నర్సరీ మీద అర్జీ. ఆ కాగితం చదవకుండానే అతనికి సంగతి అర్థమైపోయింది. ఏడో తరగతిలో వైశాల్యం లెక్క రాలేదని అందరి ముందూ బెంచీ ఎక్కించిన మనిషాయన. ఆ మర్నాటి నుంచి చిట్టియ్య బడి ముఖం చూడలేదు. నలభై ఏళ్లయినా ఆ పెద్దమనిషికి తనని కొలిచే సరదా తీరలేదని అతని కడుపుమంట.

అర్జీలో ఉన్నది ఇంతే. రాజమండ్రి నుంచి కడియం రోడ్డు మీద ఇరవై నిమిషాలకో సిటీ బస్సు వేస్తున్నారట. వాటిని ఒకప్పటిలా ఊళ్లోకి, నర్సరీల దాకా పంపమని. రెండేళ్ల కిందటి వరకూ బస్సు వచ్చేది. చిట్టియ్య నర్సరీ ముందున్న రోడ్డు మార్జిన్లో తిరిగి వెళ్లేది. ఒకనాడు తిరగడానికి చోటు చాలక కరెంటు స్తంభానికి రాసుకుంది. ఆ మర్నాటి నుంచి మైలు దూరంలో, కాలవ వంతెన దగ్గరే ఆగిపోతోంది.

"మన ఊరంటే వాళ్లకి లెక్కలేదండి!" అని టీ కొట్టు దగ్గర అందరికంటే గట్టిగా అరిచింది చిట్టియ్యే.

చోటు ఎందుకు చాలలేదో అతనికి తెలియక కాదు. ఏటా వానలకి ముందు మొక్కల కవర్లు ఒక వరస రోడ్డు వైపు జరిపేవాడు. మొదటి ఏడాది మందారాలు పెట్టబోతే హద్దురాయి అడ్డొచ్చింది. పీకడానికి భయమేసి, మట్టి పోయించి దాని మీద కవర్లు పేర్పించాడు. తర్వాత నూరువరహాలు, ఆ తర్వాత నందివర్ధనాలు. అలా ఐదు వరసలు. ఊళ్లో ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ల కవర్లూ మార్జిన్లోనే ఉన్నాయి మరి.

అన్నీ పేర్చింది నూకరత్నం. పదహారేళ్లుగా ధవళేశ్వరం నుంచి వచ్చి అతని దగ్గర అంట్లు కడుతోంది. ఆమె కట్టిన అంటు చచ్చిపోవడం చిట్టియ్య ఎరగడు. బస్సులో ఆడవాళ్లకి టికెట్ లేదు గానీ, వంతెన దగ్గర నుంచి ఆటోకి ఇరవై పెట్టలేక ఆ మైలూ నడిచేది. ఈమధ్య ఎడమ మోకాలు వాచింది. గుడ్డ కట్టుకుని వస్తోంది.

"నేను పేర్చిన కవర్లు నన్నే చూసి నవ్వుతున్నాయండి" అందొకసారి నవ్వుతూనే.

వాన వెలిసిన ఓ ఉదయం, డిపో నుంచి ప్రసన్నకుమార్ అనే కుర్ర ఆఫీసరు టేపు పట్టుకుని వచ్చాడు. వెనకాలే మాస్టారు.

"హద్దురాయి దొరికితే మార్జిన్ ఖాళీ చేయించి బస్సు తెప్పిస్తానండి. దొరక్కపోతే వంతెనే ఆఖరి స్టాపని ఇవాళే రాసేస్తాను. ఇక మార్చరు" అన్నాడు ఆఫీసరు.

"రాయీ లేదు, రప్పా లేదు" అన్నాడు చిట్టియ్య. "మాస్టారూ, బడిలో కొలిచింది చాల్లేదేంటండి?"

"అప్పుడు నీకు నేర్పలేకపోయాను కదరా, ఆ బాకీ ఉండిపోయింది."

అప్పుడే కుంటుకుంటూ వచ్చింది నూకరత్నం. ఆఫీసరు ఆమెనే అడిగాడు.

"పాత మనిషివి కదమ్మా. ఇక్కడ రాయి ఎప్పుడైనా చూశావా?"

ఆమె చిట్టియ్య వైపు ఒక్కసారి చూసింది. "రాయేంటి బాబూ! ఎప్పుడూ ఇలాగే ఉందండి. బస్సు రాకపోతే మాత్రం ఏం, నడిస్తే ఒంటికి మంచిదంటారు కదండీ డాక్టర్లు!"

అని వంగి, మోకాలి గుడ్డ విప్పి, నీళ్లు పిండి మళ్లీ కట్టుకుంది. ప్రసన్నకుమార్ పుస్తకం తెరిచాడు.

ఆమె నిజం చెప్పేసినా బావుండేది. తిట్టి పనిలోంచి తీసేసేవాడు. తన మీద చెప్పినవాళ్లని తిట్టడం అతనికి చేతనవును. తన కోసం అబద్ధమాడి, ఆ అబద్ధం మీద రోజూ కుంటుకుంటూ నడిచే మనిషిని ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఆగండి" అని వెళ్లి మందారాల వరస పట్టుకు లాగాడు. ఏళ్ల తరబడి కదపని కవర్లు. అడుగు చిరిగి వేళ్లు నేలలోకి దిగిపోయాయి. లాగుతుంటే టప్పు టప్పున తెగాయి.

"అయ్యో, చచ్చిపోతాయండీ!" అని నూకరత్నం అరుస్తూనే ఉంది. అతను గునపంతో రెండు జానల మన్ను తవ్వాడు. రాయి తల బయటపడింది.

"నేనే పూడ్చానండి. ఆ మనిషికేం తెలీదు."

"మట్టి పోసింది నేనే కదండీ!"

"నువ్వూరుకో. పోయించిందెవరు?"

మాస్టారు వంగి టేపు రెండో కొస పట్టుకున్నారు. ఎనభై అడుగుల పొడవు, పదకొండు వెడల్పు. "ఎంతరా?" అన్నారు అలవాటుగా. చిట్టియ్య గునపానికి అంటిన మన్ను గీకుతున్నాడు.

ఒకటో తారీకు నుంచి బస్సు ఇక్కడిదాకా వస్తుందని రాసుకుని ఆఫీసరు వెళ్లిపోయాడు.

సాయంత్రం నూకరత్నం టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే, బండి మీద వంతెన దాకా దింపుతానన్నాడు చిట్టియ్య.

"వద్దులెండి. రెండేళ్లుగా అలవాటైపోయింది."

ఆమె అన్నది మామూలుగానే. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వంతెన వైపు పోతుంటే, మలుపు తిరిగేదాకా చూస్తూ, వేళ్ల మీద లెక్క కట్టాడు. పదకొండు ఎనభైలు ఎనిమిది వందల ఎనభై. సెంటుకి నాలుగు వందల ముప్పై ఐదున్నర చొప్పున తీసేశాడు. తన పట్టాలోది ఒక్క అడుగూ పోలేదు. చేతిలోంచి పోయింది మాత్రం రెండు సెంట్లు, పైన తొమ్మిది అడుగులు.