తడిసిన దుప్పటి

దొరసాని మూడోసారి కూడా వెళ్ళి ఆ తల్లి కాళ్ళ దగ్గరే కూర్చుంది.

దొరసాని మా డాగ్ స్క్వాడ్ కుక్క. పేరుకు తగ్గట్టే ఎవరి మాటా లెక్కచెయ్యదు. ముక్కు విషయంలో మాత్రం దాన్ని వేలెత్తి చూపినవాడు లేడు. పొద్దున్నుంచి కనిపించని ఐదేళ్ళ పాప స్వెట్టర్ వాసన చూపించి వదిలితే, గుమ్మమైనా దాటకుండా తల్లినే పట్టుకుంటోంది. బయట ఆకాశం నల్లబడింది. వాన మొదలైతే వాసనంతా కొట్టుకుపోతుంది, ఇక మేం ఉన్నా లేనట్టే.

తప్పిపోయినవాళ్ళ కేసులు చూసే ఇన్‌స్పెక్టర్ గారు ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. "కుక్క నిన్నే చూపిస్తోందమ్మా. పిల్లని ఏం చేశావు?"

"నా బిడ్డని నేనేం చేసుకుంటాను సార్!" ఆవిడ గోడకి జారగిలబడిపోయింది. పక్కనే ఉన్న భర్త ఆవిడని అనుమానంగా చూశాడు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండింది.

"ఒక్క నిమిషం సార్. అమ్మా, ఈ స్వెట్టర్ ఎంతసేపు మీ దగ్గరుంది?"

"పొద్దున్నుంచీ గుండెలకి హత్తుకునే ఉన్నానండీ."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. స్వెట్టర్ ఎవరిదని అడిగానే గానీ, ఎవరి చేతుల్లో నలిగిందని అడగలేదు. తల్లి వాసన చూపించి వెతకమంటే కుక్క తల్లిని కాక ఎవరిని పట్టుకుంటుంది?

ఇంకెవరూ ముట్టని వస్తువు కావాలి. బట్టలన్నీ ఉతికి మడతపెట్టినవే. బొమ్మల్ని వేలిముద్రలవాళ్ళు తిరగేశారు. చెప్పులు పట్టుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. బోర్లా పడుకుని మంచం కింద టార్చి వేశాను. గోడ మూలకి ఉండచుట్టి కుక్కిన దుప్పటి కనిపించింది. కర్రతో లాగాను. ఇంకా తడిగానే ఉంది.

"రాత్రి పాప పక్క తడిపిందా?"

తల్లి ముఖం పాలిపోయింది. "దాచేసిందేమోనండీ. ఇంకోసారి తడిపితే పోలీసులకి పట్టిస్తానన్నాను. ఊరికే, భయం చెబుదామని."

పొద్దున్నుంచి ఈ అపార్ట్‌మెంట్‌లో బూట్లు టకటకలాడిస్తూ, మైకులో పాప పేరు అరుస్తూ తిరిగింది మేమే. వెతికిన కొద్దీ ఆ పిల్లని ఇంకా లోపలికి తరిమాం.

దుప్పటి వాసన తగలగానే దొరసాని గొలుసు తెగేలా మెట్లు దిగి, నన్ను సెల్లార్‌లోకి లాక్కెళ్ళింది. తల్లీ మిగతావాళ్ళూ మా వెనకే పరిగెత్తుకొచ్చారు. అప్పటికే వాన అందుకుంది. పంపు గది వెనక, వాననీళ్ళు పోయే పెద్ద గొట్టం ముందు నిలబడి మొరిగింది. గొట్టానికున్న ఇనుప జాలీ ఓ మూల విరిగింది. ఆ సందులో పసిపిల్లలు తప్ప దూరలేరు. టార్చి వేస్తే లోపల పాప, మోకాళ్ళ దాకా నీళ్ళలో.

"రా తల్లీ," అని చెయ్యి చాచాను. నా చొక్కా చూసి ఇంకా వెనక్కి జరిగింది.

జాలీ కోసే మిషన్ కోసం మనుషులు పరిగెత్తారు. నీళ్ళు పాప నడుముకొచ్చాయి. ఇన్‌స్పెక్టర్ గారు అందర్నీ పైకి తరిమేసి, తానూ మెట్ల వెనక్కి తప్పుకున్నారు. నేను యూనిఫాం చొక్కా విప్పి పారేశాను. తల్లి నీళ్ళలోనే పడుకుని సందులో చెయ్యి పెట్టింది.

"పోలీసులు వెళ్ళిపోయారే బంగారం. రా."

"అబద్ధం. బూట్లున్నాయిగా."

నా బూట్లు. వాటి సంగతే మర్చిపోయాను. నీళ్ళు పాప ఛాతీ దాకా వచ్చేశాయి. మిషన్ ఇంకా రాలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

తల్లి నా వంక ఒకసారి చూసి, గొట్టంలోకి అరిచింది. "అవునే, పోలీసులే! పక్క తడిపింది నేనేనని చెప్పేశాను. నన్ను తీసుకెళ్ళిపోతున్నారు. నువ్వు ఇంటికెళ్ళు నాన్నా!"

లోపల నీళ్ళ చప్పుడైంది. పాప పడుతూ లేస్తూ వచ్చి సందులోంచి తల బయటపెట్టింది. తల్లీ నేనూ చెరో రెక్కా పట్టుకుని లాగాం.

అమ్మ ఒళ్ళోకి పోలేదు. చలికి పళ్ళు కొట్టుకుంటుండగా, అమ్మకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ నా ముందు చాపింది.

"అమ్మ కాదు. నేనే తడిపాను. నన్ను తీసుకెళ్ళండి."