నారింజ రంగు చొక్కా

ఆ ఏడు వేసవంతా ఓరిన్ థర్‌స్టన్ పడవలు తప్ప ఇంకేమీ గీయలేదు. విడిదికి వచ్చేవాళ్లు పడవల బొమ్మలే కొంటారు, అతను అవే గీసి ఇచ్చాడు. వాళ్లంతా వెళ్లిపోయి, అమెరికాలోని ఆ మెయిన్ రాష్ట్రపు తీరంలో ఆకులన్నీ రాలి, జింకల వేట మొదలయ్యాక గానీ తనదంటూ ఒక బొమ్మ మీదికి మనసు పోలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం వాన వెలిసింది. మబ్బు అంచు కింద నుంచి ఎండ ఏటవాలుగా జారి, ఆటుకు బయటపడిన బురదనేలంతా తోమిన ఇత్తడిలా మెరిసింది. ఓరిన్ గుట్ట మీద కాన్వాసు నిలబెట్టి కిందికి చూశాడు. నాచు పట్టిన రాళ్ల మధ్య మర్టిల్ బీల్ కూర్చుని ఉంది. పొరుగింటి పెద్దావిడ. తల్లి లేని ఓరిన్‌ను సగం పెంచింది ఆవిడే. తోటలో ఎరువుకని సముద్రపు నాచు ఏరుకోవడానికి ఏటా ఈ రోజుల్లో దిగుతుంది. వేటగాళ్లు జింకనుకుని కాల్చకుండా నారింజ రంగు చొక్కా తొడుక్కుంది. బూడిద రంగు రాళ్ల నడుమ ఆ ఒక్క నారింజ చుక్క! ఓరిన్‌కు ఒళ్లు పులకరించింది.

"కదలకు పిన్నీ, కాసేపు కదలకు" అని గొణుక్కుంటూ నూనె రంగులు పిండాడు.

ఆవిడ కదల్లేదు. ఒకసారి మాత్రం చెయ్యెత్తి ఊపింది. ఓరిన్ కుంచె పట్టుకున్న చెయ్యే ఎత్తి ఊపి మళ్లీ పనిలో పడ్డాడు. ఎత్తిన ఆ చెయ్యి ముద్దుగా ఉందనిపించి దాన్నీ బొమ్మలో పెట్టాడు. ఇంతలో పోటు తిరిగింది. నీళ్లు సన్నటి వెండి గీతలా వచ్చి ఆవిడ కూర్చున్న రాతిని చుట్టుకున్నాయి. ఆ గీతతో బొమ్మకు ప్రాణం వచ్చింది. ఇన్నేళ్లలో తన చేతి నుంచి ఇలాంటిది రాలేదని అతనికి తెలుస్తూనే ఉంది.

అప్పుడొక చిన్న పడవ దూసుకొచ్చింది. అందులో ఉన్నది లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే డ్వైట్, మర్టిల్ అన్నకొడుకు. నీళ్లలోకి దూకి, రాళ్ల సందులో ఇరుక్కున్న ఆవిడ కాలిని బయటికి లాగాడు. అప్పటిదాకా గాలి ఆవిడ పిలుపులన్నీ సముద్రం మీదికి ఈడ్చుకుపోయింది. కాలు లాగినప్పుడు ఆవిడ పెట్టిన కేక మాత్రం గాలికి ఎదురొచ్చి గుట్టెక్కింది.

ఓరిన్ పరుగెత్తాడు. అయితే అంతకు ముందు పచ్చి బొమ్మను రెండు చేతులా ఎత్తి, రంగు దేనికీ అంటకుండా వ్యాన్‌లో పెట్టి తలుపు వేశాడు. తను చేసిన పనేమిటో సగం గుట్ట దిగాక తట్టింది.

"మైలు దూరాన్నుంచి కనబడే చొక్కా వేసుకుందిరా ఆవిడ! నీకు కనబడలేదా?" అని అరిచాడు డ్వైట్.

"కనబడింది" అన్నాడు ఓరిన్.

డ్వైట్ ఆవిడను ఎక్కించుకుని పడవ తిప్పుకున్నాడు.

చీలమండ విరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మర్టిల్ అడిగినవాళ్లందరికీ, "గాలి అటు వీస్తుంటే పాపం వాడికేం వినబడుతుంది" అని చెప్పిందట. ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది ఓరిన్‌కు. ఆవిడ గడప తొక్కడానికి చాలా రోజులు ధైర్యం చాలలేదు. చివరికి బెల్లప్పాకంలో ఉడికించిన చిక్కుడుగింజల కుండ పట్టుకుని వెళ్లాడు.

"ఏరా, ఇప్పటికి తెలిసిందా దారి?" అంది మర్టిల్.

"వినబడలేదు పిన్నీ. కానీ చూశాను. నువ్వు చెయ్యెత్తావు, నేను..."

"నువ్వూ ఊపావు. ఎంత ఒళ్లు మండిందనుకున్నావు! లేవగలిగితే వచ్చి ఆ కుంచెతోనే బాదేదాన్ని. ఏదీ, బొమ్మేదీ?"

"గీకేస్తాను పిన్నీ."

"గీకేసి? హాయిగా మర్చిపోవడానికా? తీసుకురా."

తెచ్చాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగా వేశావు" అంది, ఒప్పుకోక తప్పనట్టు. "కానీ ఇందులో నేను భయపడుతున్నట్టే లేదేరా."

ఓరిన్ ఆవిడ చెప్పిన చోటే, వంటింటి గోడకు మేకు కొట్టి దాన్ని తగిలించాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆవిడకు కట్టెలు మోస్తున్నాడు. పలకరించడానికి ఎవరొచ్చినా మర్టిల్ చేతికర్రతో బొమ్మ చూపించి, "నేను చచ్చిపోతున్నాను బాబోయ్ అంటే, వీడు టాటా చెప్పాడు!" అంటుంది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఒక్క డ్వైట్ నవ్వడు. కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. మొదట్లో ఆ కథ ఎత్తుకోగానే ఓరిన్ చెవులు మండిపోతుంటే దొడ్డిదారిన జారుకునేవాడు.

ఒక ఆదివారం జారుకోలేదు. చర్చి నుంచి వచ్చిన ఒకావిడ నవ్వు ఆపుకుంటూ, "నిజమేనా ఓరిన్?" అని అడిగింది.

"నిజమే" అన్నాడు, కట్టెలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. "ఇంకొకటుంది. పిన్నికి కూడా తెలియదు. డ్వైట్ నీళ్లలోకి దూకడం చూశాక కూడా, ముందు బొమ్మను వ్యాన్‌లో భద్రం చేసి ఆ తర్వాతే గుట్ట దిగాను."

ఎవరూ నవ్వలేదు. మర్టిల్ చేతికర్ర మెల్లగా ఒళ్లోకి దించుకుంది. డ్వైట్ కిటికీ వైపు నుంచి తిరిగి, ఆనాటి తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. తల దించుకోకుండా నిలబడటానికి ఓరిన్‌కు చాలా కష్టమైంది.