విప్పేసిన వరసలు

నా భార్య అల్లిన ఆఖరి వరసల్ని నా మరదలు విప్పేసింది. ఆమె ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు అక్కర్లేదు. విప్పేసింది, అంతే.

మరదలంటే నా భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. లైబ్రరీలో ఉద్యోగం. ఇంట్లో అందరూ బొంగరం అంటారు. ఒకచోట కుదురుగా నిలబడి ఆమె చేసిన పని నేను చూడలేదు. పొద్దున్నే మట్టి పిసికి కప్పులు చేస్తుంది. బస్సులో బొమ్మలు గీస్తుంది. లైబ్రరీ కౌంటరు మీద పుస్తకాలకు తేదీ ముద్ర వేస్తూ, కౌంటరు కింద ఒళ్లో ఊలు అల్లుతుంది. సాయంత్రం మౌత్ ఆర్గన్ క్లాసు. "తీరిక లేదు బావా, ఊపిరి సలపడం లేదు" అంటుంది. ఊపిరి సలపనివ్వంది ఎవరో మాత్రం చెప్పదు. ఆమె చేసిన కప్పు ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో టీ పోస్తే బల్ల తాగుతుంది.

నేను పల్లెటూరి బళ్లో చదువుకున్నవాణ్ణి. ఒకే గది, ఒకే పంతులు. పలక మీద వేసిన లెక్క తేలేదాకా ఇంకో లెక్క ముట్టుకోనిచ్చేవాడు కాదు. తర్వాత మిల్లులో ఫిట్టరుగా బతుకంతా ఒకటే పని చేశాను. నీ హాబీ ఏంటి బావా అని మరదలు ఒకసారి అడిగింది. నిద్ర అన్నాను. మర్నాడు నిద్ర మీద రాసిన పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది.

నా భార్య అలాంటి మనిషి కాదు. ఆవిడకు వచ్చింది ఒక్కటే, ఊలు అల్లడం. చెల్లెలికి నేర్పిందీ ఆవిడే. ఒక ముడి తప్పితే వరసంతా విప్పి మళ్లీ అల్లేది. జబ్బు పడ్డాక నాకోసం బూడిదరంగు స్వెటర్ మొదలుపెట్టింది. వీపు, ఛాతీ, కుడి చెయ్యి శుభ్రంగా వచ్చాయి. ఎడమ చెయ్యి దగ్గరికొచ్చేసరికి మందుల వల్ల ఆవిడ వేళ్లు వణికేవి. వరసలు ఒకచోట బిగుసుకుని, ఒకచోట వదులై వంకరపోయాయి. మోచేతి దగ్గర ముడి జారి వేలు పట్టేంత కన్నం పడింది.

"ఇదేంటి?" అన్నాను.

"కిటికీ. మీకు ఉక్కపోస్తుందని పెట్టాను" అని నవ్వింది.

ఆ చెయ్యి పూర్తికాకుండానే ఆవిడ పోయింది. సూదులు గుచ్చినవి గుచ్చినట్టే స్వెటర్‌ని బుట్టలో పెట్టి, నా కుర్చీ పక్కన ఉంచుకున్నాను. టీ తాగుతూ ఆ కన్నంలో వేలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మరదలి లైబ్రరీలో మరమ్మతు బల్ల అని ఒకటుంది. ఆదివారం పూట జనం చిరిగినవి, విరిగినవి పట్టుకొస్తారు. దానికి పెద్ద ఈమే. ఆ లైబ్రరీ వాళ్లకు ఒక అలవాటు. పుస్తకంలో పేజీ పాడైతే దాన్ని కోసి పారేసి, ఇంకో ప్రతిలోంచి నకలు తీసి అతికిస్తారు. వెన్నుకు కొత్త గుడ్డ వేసి, కొత్త నంబరు అంటించి, బాగైపోయింది అంటారు. పుస్తకం సంగతి నాకు తెలీదు, కానివ్వండి.

మా ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. నేను కళ్లు చూపించుకోడానికి వెళ్లిన పూట వచ్చి బుట్ట పట్టుకుపోయింది. ఇంటికొచ్చి చూసి ఫోన్ చేశాను.

"నా దగ్గరే ఉంది బావా, కంగారు పడకు."

"రేపు పొద్దున్నకల్లా అది ఇక్కడుండాలి."

"తెస్తా తెస్తా. కౌంటరు దగ్గర జనం ఉన్నారు బావా, ఉంటా."

పెట్టేసింది. రోజూ అడిగాను. రోజూ జనమే. అయినా నాకు పెద్ద భయం వెయ్యలేదు. ఏ పనీ ముగించని మనిషి, సూదులు కదిపి ఏ మూలో పడేస్తుంది, వెళ్లి తెచ్చుకోవచ్చు అనుకున్నాను. తన జన్మలో ఆమె పూర్తిగా ముగించిన పని అదొక్కటే.

తర్వాతి ఆదివారం లైబ్రరీకి రమ్మంది. వెళ్లాను. కొత్త పుస్తకాలు పెట్టే అద్దాల బీరువాలో పుస్తకాలు తీసేసి స్వెటర్ వేలాడదీశారు. రెండు చేతులూ ఉన్నాయి. కింద ఒక కార్డు: 'మరమ్మతు బల్ల, ఈ నెల పని.' స్వెటర్ అంచుకు లైబ్రరీ నంబరు కూడా అంటించారు. మరదలు తాళం తీసి స్వెటర్ నా చేతిలో పెట్టింది. చుట్టూ నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఎడమ చెయ్యి పట్టుకుని భుజం నుంచి కిందిదాకా తడిమాను. వేలు ఎక్కడా ఆగలేదు.

"ఏంటి బావా మొహం అలా పెట్టావ్? పొట్టిగా వచ్చిందా?"

"కన్నం ఏది?"

"ఓ, అదా! ముడి జారింది బావా. దాని పైన కూడా వంకరగా వచ్చాయి. భుజం దాకా మొత్తం విప్పేసి మళ్లీ అల్లాను. చూడు, కుడి చేతికీ దీనికీ తేడా తెలుస్తోందా?"

"విప్పిన ఊలు ఏం చేశావ్?"

"అదే ఊలు బావా! ఉతికి, బరువు కట్టి వేలాడదీశా. మెలికలన్నీ పోయి కొత్తదానిలా అయింది. ఒక్క పోగు పారెయ్యలేదు."

మెలికలు కూడా మిగల్చలేదన్నమాట.

పేపరు చదువుకునే పెద్దాయన ఒకాయన దగ్గరికొచ్చి, "అదృష్టవంతులండీ, ఇలాంటి మరదలు దొరకడం" అన్నాడు.

"మీరు పేపరు చూసుకోండి" అన్నాను.

మరదలికి అప్పటికి అర్థమైంది. నన్ను పుస్తకాల బీరువాల వెనక్కి తీసుకెళ్లింది. నేను అరవలేదు. ఆమెను అడిగింది ఒక్కటే.

"ఎవరు చెప్పారు నీకు విప్పమని?"

"అక్కే చెప్పింది."

"ఎప్పుడు?"

"ఆసుపత్రిలో. నువ్వు మందులకెళ్లినప్పుడు. 'ఒసే, ఆ చెయ్యి నా చేతిపని కాదే, జబ్బు చేసిన పని. ఆయన అది వేసుకుని నలుగురిలోకి వెళ్తే నా పరువు పోతుంది. నా తర్వాత నువ్వు విప్పి సరిగ్గా అల్లు' అంది. ఏడ్చింది కూడా. నీకు చెప్పొద్దంది బావా. చెబితే ఒప్పుకోవని."

"ఆ కన్నం గురించి?"

"దాని గురించే ఎక్కువ ఏడ్చింది."

అబద్ధమేమో అని మొహంలోకి చూశాను. బొంగరానికి అబద్ధమాడే తీరిక కూడా ఉండదు. అలాంటి మనిషి ఆ వేళ కదలకుండా నిలబడి ఉంది.

అంటే, నాతో కిటికీ అని నవ్వింది. ఏడుపు చెల్లెలి కోసం దాచుకుంది. నేను వేలు పెట్టుకుని కూర్చున్నది ఆవిడ చెరిపెయ్యమన్న చోట.

"బావా, ఒక్కసారి వేసుకో. అక్క కోసం."

స్వెటర్ మడిచి ఆమె చేతుల్లో పెట్టాను.

"నీ నంబరు దీనిమీదే ఉంది. నీ దగ్గరే ఉంచుకో."

"అక్క అడిగిందని చెప్తున్నా కదా! నేనేం చెయ్యాలి మరి?"

"నాకు చెప్పాలి."

"చెప్పొద్దంది కదా!"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందని ఇప్పుడూ అనను. కానీ జవాబు లేనంత మాత్రాన క్షమించాలని రూలేం లేదు. బయటికొచ్చి బస్సెక్కాను.

ఆమె ఇప్పటికీ వస్తుంది. ఇల్లు ఊడుస్తుంది, మందులు చూస్తుంది, ఈమధ్య కొత్తగా నేర్చుకుంటున్న చెక్కబొమ్మల గురించి చెబుతుంది. వింటాను. స్వెటర్ మాట ఎత్తబోతే లేచి గుమ్మంలోకి వెళ్లి నిలబడతాను. చుట్టాలు మధ్యలో దూరి, పాపం ఏం చేసిందయ్యా అని అడుగుతున్నారు. ఏం చేసిందో పైన రాశాను. ఎవరైనా మళ్లీ అడిగితే ఈ కాగితాలు చూపిస్తాను గాని నోరు విప్పను. పోయిన ఆవిడ మీదొట్టు, ఈ సంగతి నేనిక మాట్లాడను.