కడుపుమంటకు మందు

"నోరు మూసుకోవే తల్లీ, ముందా నోరు మూసుకో!" అంది అత్తయ్య, పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటూ ఆవలిస్తే. అద్దంలో చూసుకుంటే నాలుక బొగ్గు నమిలినట్టు నల్లగా ఉంది. ఎవరింట్లోనైనా కోడలి నాలుక నల్లబడితే జబ్బేమో అనుకుంటారు. మా ఇంట్లో మాత్రం, నల్ల నాలుకవాళ్ళు అన్నది అన్నట్టు జరిగిపోతుందని అత్తయ్య నమ్మకం. ముందురోజే "ఈ మిక్సీ ఇవాళో రేపో పోయేలా ఉంది" అన్నాను, పోయింది. పన్నెండేళ్ళ మిక్సీ పోక ఏం చేస్తుంది? అయినా నేరం నా నాలుక మీదికొచ్చింది. మా ఆయనైతే ఆఫీసుకెళ్తూ గుమ్మంలో ఆగి, "ప్రమోషన్ లిస్టు వచ్చేదాకా నా గురించి ఏమీ అనకు, ప్లీజ్" అని బతిమాలాడు. నన్నతను బతిమాలడం అదే మొదటిసారి.

అసలు సంగతి వంటింట్లో, ఉప్పు డబ్బా వెనకాల ఉంది. కడుపుమంటకని మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చే గులాబీ రంగు మందు. మొదట్లో మూతతో కొలుచుకుని తాగేదాన్ని. ఆ మూత కడగడం ఇంకో పని ఎందుకని సీసానే ఎత్తడం మొదలుపెట్టాను. అలా రెండేళ్ళు. మండక ఏం చేస్తుంది మరి కడుపు? ఐదింటికి లేచి అందరికీ వండి, పెట్టి, సర్ది, ఖాళీ కడుపుతో ల్యాబ్‌కి పరుగు. మధ్యాహ్నం మూడింటికి డబ్బా తెరిస్తే పొద్దున మిగిలింది. రాత్రి అందరూ తిని లేచాక గిన్నెల అడుగున ఉన్నది. "నువ్వూ మాతో కూర్చోవచ్చుగా" అని మా ఆయన చాలాసార్లే అన్నాడు, పాపం. అంటూనే మంచినీళ్ళు తెమ్మనేవాడు.

తర్వాత చేతులు వణకడం మొదలైంది. నేను ల్యాబ్‌లో రక్తం తీస్తాను. నా చేయి పడితే నరం దొరకాల్సిందేనని పేరు. నాకంటూ ఉన్న పేరు అదొక్కటే. అలాంటిది ఒక పహిల్వాన్ లాంటాయనకి మూడుసార్లు సూది గుచ్చినా దొరకలేదు. చివరికి ఆయనే నా చేయి పట్టుకుని "కంగారు పడకండమ్మా, ఏం కాదు" అని ధైర్యం చెప్పాడు. "నెలాఖరుకి చేతులు కుదురుకోకపోతే ఇక సూది ముట్టుకోవద్దు" అన్నాడు మేనేజరు.

దాని వెంటే మతిమరుపు. పొయ్యి వెలిగించకుండానే, పాలు పొంగుతాయని అరగంట కాపలా కాశాను. బ్యాంకులో భర్త పేరడిగితే తడుముకున్నాను. ఇంటికొచ్చి చెబితే, "నీకు మతెప్పుడుంది గనక!" అని నవ్వాడు ఆ భర్త. నలభై రెండేళ్ళకే బుర్ర పోతోందని, ఉద్యోగం కూడా పోతుందని బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఒకరోజు మెట్ల మీద తూలి పడ్డాక గానీ మా ఆయన నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళలేదు. "నోరు తెరవండి" అందావిడ. పెళ్ళయ్యాక నాకా మాట చెప్పిన మొదటి మనిషి ఆవిడే. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఈ మతిమరుపు ఎప్పటి నుంచి?" అని అడిగింది.

"పెళ్ళయినప్పటి నుంచి" అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

డాక్టరమ్మ కలం కింద పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకుంది. తర్వాత నేనేం మందులు వాడుతున్నానని అడిగింది. ఏమీ లేవన్నాను. అది మందని నాకెప్పుడో గుర్తుకు రావడం మానేసింది. సంచీలోంచి చేతిగుడ్డ తీస్తుంటే సీసా బయటపడింది. సగం ఖాళీ.

"ఇదెప్పుడు కొన్నారు?"

"నిన్న."

వారానికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. "ఈ మందులో బిస్మత్ అనే లోహం ఉందమ్మా" అంది డాక్టరమ్మ. "నాలుక నల్లబడటం దానివల్లే. అదేం ప్రమాదం కాదు. కానీ ఇంతింత, ఇన్నేళ్ళు తాగితే మెదడు మీద పడుతుంది. ఈ వణుకు, మరుపు, తూలడం, ఇవీ ప్రమాదం." అంటే ఇల్లంతా హడలిపోయింది ఏ హానీ లేనిదాన్ని చూసి. అసలు ప్రమాదాన్ని చూసి నవ్వుకున్నారు.

"తగ్గుతుందాండీ?" అన్నాను.

"మందు ఆపెయ్యండి. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. నెలల్లో మామూలైపోతారు." అక్కడే, ఆ కుర్చీలోనే, కుళాయి చప్పుడు లేకుండా ఏడ్చేశాను.

"అమ్మయ్య! అయితే మళ్ళీ అన్నీ మామూలే" అన్నాడు మా ఆయన. ఇంటికొచ్చేదాకా ఆ మాటే నమిలాను. అన్నీ మామూలైతే కడుపూ మామూలుగా మండుతుంది. ఈసారి తాగడానికి సీసా ఉండదు.

ఆ సాయంత్రం వంట కాగానే పళ్ళెం తెచ్చుకుని, వేడివేడిగా వడ్డించుకుని కూర్చున్నాను. మొదటి ముద్దకే నోరు కాలింది. ఎన్నేళ్ళయిందో నోరు కాలి! చేతులు కడుక్కొచ్చిన మా ఆయన, వెనకే అత్తయ్య, గుమ్మంలోనే నిలబడిపోయారు.

"మరి మాకు?" అన్నాడు మా ఆయన.

"గిన్నెలు అక్కడే ఉన్నాయి. గరిటెలు వాటిలోనే ఉన్నాయి."

"ఇదేం చోద్యమే!" అంది అత్తయ్య.

"డాక్టరమ్మ మానెయ్యమంది కదా అత్తయ్యా."

"ఆవిడ మానెయ్యమంది మందుని!" అన్నాడు మా ఆయన.

"అది మానాలంటే అందరి తర్వాత తినడం మానాలండీ" అని, రెండోసారి వడ్డించుకున్నాను.